నా దాంట్ల నడుస్తుంది గదా!

మన హాస్టల్లో, ల్యాబుల్లో, ప్రాజెక్ట్ గ్రూపుల్లో రోజుకు పదిసార్లు వినపడే మాట ఇది. జూనియర్ వచ్చి "అన్నా, మీ ప్రాజెక్ట్ డౌన్‌లోడ్ చేసిన, బిల్డ్ అయితలేదు" అంటాడు. సీనియర్ స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే "నా దాంట్ల నడుస్తుంది గదా" అంటాడు. సంభాషణ అక్కడితో ఖతం. జూనియర్ తన ల్యాప్‌టాప్‌నే అనుమానించుకుంటూ వెళ్లిపోతాడు, కాసేపటికి తననే అనుమానించుకుంటాడు. ఈ మాట మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది. ఆ కోపానికి టెక్నికల్ కారణాలు ఉన్నాయి, టెక్నికల్ కానివీ ఉన్నాయి. రెండూ కలిపే రాస్తున్నా. కోడ్ పెట్టి భయపెట్టను, నోటితో చెప్పినట్టే చెప్తా. మెకానికల్ వాళ్లు, సివిల్ వాళ్లు కూడా ఉండండి, పోకండి.

బిల్డ్ స్క్రిప్ట్ అంటే పెద్ద విషయమేం కాదు. రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చడానికి ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో రాసిన చిట్టీ. ఈ ఫోల్డర్ తెరువు, ఈ ఫైల్ కంపైల్ చెయ్యి, అది ఉందో లేదో చూడు, లేకపోతే ఆగిపో. ఈ చిట్టీని చదివి పని చేసేదాన్ని షెల్ అంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. షెల్ ఒకటి కాదు. 1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ ఉండేది. దాని పేరు ఉత్త రెండక్షరాలు, ఎస్‌హెచ్. తర్వాత 1989లో గ్నూ ప్రాజెక్ట్ కోసం బ్రయన్ ఫాక్స్ బ్యాష్ రాశాడు. అది పాతదాని మాటలన్నీ అర్థం చేసుకుంటుంది, పైనుంచి తన సొంత మాటలు బోలెడు కలుపుకుంది. ఇంకో పక్క యాష్, దాన్నుంచి డ్యాష్, మాక్‌లో జెడ్ షెల్, ఆండ్రాయిడ్‌లో ఇంకోటి. అందరికీ ఉమ్మడిగా అర్థమయ్యే మాటలు ఇవీ అని పోజిక్స్ అనే ప్రమాణం ఒకటి రాసిపెట్టారు.

స్క్రిప్ట్ మొదటి లైన్‌లో ఇది ఏ షెల్ చదవాలో రాస్తాం. చాలామంది అక్కడ "స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్" అని రాస్తారు. కింద మాత్రం బ్యాష్ మాటలు రాస్తారు. కవరు మీద ఒక అడ్రసు, లోపల ఇంకొకరికి రాసిన ఉత్తరం.

మరి అది వాళ్ల దాంట్లో ఎందుకు నడుస్తుంది? ఫెడోరా, ఆర్చ్ లాంటి వాటిలో ఎస్‌హెచ్ అని పిలిస్తే పలికేది బ్యాషే. పేరు మార్చుకుని వచ్చినా తన సొంత మాటలు చాలావరకు ఒప్పుకుంటుంది. ఉబుంటులో అలా కాదు. 2006 అక్టోబర్‌లో వచ్చిన 6.10 నుంచి అక్కడ ఎస్‌హెచ్ అంటే డ్యాష్. చిన్నది, వేగంగా పని చేస్తుంది, సిస్టమ్ తొందరగా లేస్తుందని మార్చారు. 2011లో వచ్చిన ఆరో వెర్షన్‌తో డెబియన్ కూడా అదే దారి పట్టింది. స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌కి పునాది కూడా డెబియనే. మన ల్యాబుల్లో ఉండేది ఉబుంటు. అంటే సీనియర్ ఇంట్లో ఫెడోరాలో పుట్టిన స్క్రిప్ట్ కాలేజీకి రాగానే నోరు మూతపడటం వింతేం కాదు. మార్పు జరిగినప్పుడు నేను ఇంకా పుట్టలేదు. నాకన్నా పెద్ద వయసున్న ఈ సమస్య ఇప్పటికీ మన మినీ ప్రాజెక్టుల్లో బతికే ఉండటమే వింత.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మాది పిట్లం, కామారెడ్డి జిల్లా. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే 161 నంబర్ హైవే మీద ఉంటుంది. ఇంకొంచెం ముందుకు పోతే మహారాష్ట్ర, పక్కకు జరిగితే కర్ణాటక. బస్టాండ్‌లో పది నిమిషాలు నిలబడితే తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ అన్నీ చెవిలో పడతాయి. ఒక్క మనిషే ఒక్క వాక్యంలో రెండు భాషలు మాట్లాడటం మాకు మామూలే. నేను చదివింది ఇంగ్లిష్ మీడియం. స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్, ఇంట్లో మాట్లాడే తెలుగు పుస్తకంలో ఉండదు. హాస్టల్‌కి వచ్చాక ఇంకో సంగతి తెలిసింది. మా ఇంటి మాటలు రెండు రకాలుగా ఫెయిలవుతాయి.

మొదటి రకం, "అనిగెపుకాయ" లాంటిది. గుంటూరు రూమ్మేట్‌కి ఆ మాట తెలియదు. "అంటే ఏంటి?" అని అడుగుతాడు. సొరకాయ అని చెప్తా. అయిపోయింది. రెండో రకం "కూర" లాంటిది. మా దిక్కు ఊళ్లల్ల "ఇయ్యాల కూర తెచ్చినం" అంటే మాంసం అని అర్థం. వాడు మాత్రం వంకాయో బెండకాయో అనుకుని తలూపుతాడు. అడగడు, ఎందుకంటే వాడికి ఆ మాట తెలుసు. తెలిసిన మాటే, అర్థం వేరు. శనివారం మాంసం ముట్టనివాడు కంచం ముందు కూచున్నాక గానీ గొడవ బయటపడదు.

షెల్‌లో అచ్చం ఈ రెండు రకాలే. డ్యాష్‌కి జంట చదరపు బ్రాకెట్ తెలియదు. "నాట్ ఫౌండ్" అంటుంది. "సోర్స్" అనే కమాండ్ తెలియదు, అదీ అలాగే చెప్తుంది. ఇవి అనిగెపుకాయలు. వెతికితే పది సెకన్లలో జవాబు దొరుకుతుంది. సోర్స్ తీసేసి ఒక చుక్క పెడితే చాలు. జంట బ్రాకెట్ బదులు ఒంటి బ్రాకెట్, రెండు సమానం గుర్తుల బదులు ఒకటి. ఇవి నన్ను బాధపెట్టవు.

బాధపెట్టేవి కూరలు. ఉదాహరణకి బ్యాష్‌లో &> అని రాస్తే "వచ్చే మాటలన్నీ, తప్పుల జాబితాతో సహా, అటు పడెయ్యి" అని అర్థం. ఒక టూల్ ఉందో లేదో చూసే చోట అందరూ ఇది వాడతారు. టూల్ పేరు వెతుకు, జవాబు చెత్తబుట్టలో వెయ్యి, దొరికిందా లేదా అనేది మాత్రం చెప్పు. డ్యాష్ ఈ గుర్తుని రెండు ముక్కలుగా చదువుతుంది. & అంటే "ఈ పనిని వెనకాల పెట్టి ముందుకు పో" అని. > అంటే చెత్తబుట్ట తెరువు అని. చెత్తబుట్ట ఎప్పుడైనా తెరుచుకుంటుంది కదా, అందుకని జవాబు ఎప్పుడూ "ఉంది" అనే వస్తుంది. కంపైలర్ లేని మెషిన్‌లో కూడా "కంపైలర్ ఉంది" అని నమ్మి స్క్రిప్ట్ ముందుకు పోతుంది. ఎక్కడో నలభై లైన్ల తర్వాత, సంబంధం లేని చోట పడిపోతుంది. ఎర్రర్ మెసేజ్ పట్టుకుని వెతికేవాడికి అసలు కారణం జన్మలో దొరకదు.

ఇంకోటి చూడండి. ఒకే దెబ్బకి రెండు ఫోల్డర్లు చేయడానికి పేర్లని కామాతో విడదీసి మీసాల బ్రాకెట్లలో పెడతాం. బ్యాష్ రెండు ఫోల్డర్లు చేస్తుంది. డ్యాష్ ఆ బ్రాకెట్లూ కామా అన్నీ పేరులో కలిపేసి ఒకే ఒక్క విచిత్రమైన ఫోల్డర్ చేసి, పని అయిపోయిందని చెప్తుంది. మేక్‌ఫైల్‌లో ఇది ఎక్కువ. మీరు టెర్మినల్‌లో ఏ షెల్ వాడుతున్నా సరే, మేక్ మాత్రం వేరే చెప్పకపోతే ఎస్‌హెచ్‌నే పిలుస్తుంది. అందుకే "టెర్మినల్‌లో టైప్ చేస్తే వస్తుంది, మేక్‌లో పెడితే రాదు" అని జనాలు తల పట్టుకుంటారు. ఒంటి బ్రాకెట్‌లో రెండు సమానం గుర్తులు పెట్టడం ఈ రెండు రకాలకీ మధ్యలో ఉంటుంది. డ్యాష్ ఒక ఎర్రర్ గొణుగుతుంది, కానీ ఆగదు. "సమానం కాదు" అనుకుని పక్కదారిలో పోతుంది. వందల లైన్లు స్క్రీన్ మీద పరిగెత్తేటప్పుడు ఆ గొణుగుడు ఎవరికి వినపడుతుంది?

మాక్ వాళ్ల కథ వేరు. అక్కడ ఉన్న బ్యాష్ 3.2 దగ్గరే ఆగిపోయింది. తర్వాతి వెర్షన్ల లైసెన్స్ మారింది, యాపిల్ దాన్ని తీసుకోలేదు, 2019లో జెడ్ షెల్‌ని డిఫాల్ట్ చేసింది. కాబట్టి "బ్యాష్" అని నిజాయితీగా రాసినా, 2009లో వచ్చిన నాలుగో వెర్షన్ మాటలు అక్కడ చెల్లవు. ఫైల్‌లో మాటలు మార్చే సెడ్ కమాండ్ కూడా ఇక్కడొక రకం, అక్కడొక రకం. నేరుగా ఫైల్‌లోనే మార్చమనే ఆప్షన్ తర్వాత, పాత కాపీకి ఏ తోక తగిలించాలో చెప్పమని మాక్ పట్టుబడుతుంది. మనం చెప్పకపోతే మనం రాసిన మార్పునే తోక అనుకుంటుంది. తోకని ఖాళీ లేకుండా ఆప్షన్‌కి అతికించి రాస్తే రెండు చోట్లా పని చేస్తుంది. ఇంత చిన్న విషయం.

ఇదంతా కంప్యూటర్ సైన్స్ వాళ్ల గోల, సాహిత్యం క్లబ్బుకి ఎందుకు అంటారేమో. మీరు చదువుతున్న ఇలాంటి మ్యాగజైన్లే ఒక స్క్రిప్ట్ నుంచి పుడతాయి. కవితలు, కథలు ఉత్త టెక్స్ట్ ఫైళ్లుగా వస్తాయి, స్క్రిప్ట్ వాటిని పేర్చి, విషయసూచిక చేసి పీడీఎఫ్ తీస్తుంది. మాకు అందిన స్క్రిప్ట్ ఎప్పుడో పాసైపోయిన సీనియర్ మాక్‌లో రాసింది. శీర్షిక పొడుగైతే నలభై అక్షరాల దగ్గర కత్తిరించమని అందులో ఒక లైన్ ఉంది. మాక్‌లో బాగానే తెగేది. మా ఉబుంటులో నడిపితే విషయసూచికలో కొన్ని పేర్ల చివర నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వచ్చింది. ఫస్టియర్ అమ్మాయి ఒకామె తన మొదటి కవిత పేరు అలా చూసుకుని, "నేనే తప్పు టైప్ చేశానేమో అన్నా, ఈసారికి తీసెయ్యండి" అని మెసేజ్ పెట్టింది. ఆమె టైపింగ్‌లో తప్పేమీ లేదు.

తప్పు ఎక్కడుందంటే, మన ఉబుంటులోని కట్ కమాండ్ "అక్షరాలు" అంటే బైట్లు అనుకుంటుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్, తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు. నలభై బైట్లంటే పదమూడు గుర్తులు పోగా ఒక బైట్ మిగులుతుంది, అది పద్నాలుగో గుర్తులో మూడో వంతు. ఆ ముక్కే డైమండ్. ఇంకా తమాషా ఏంటంటే, ఆ భాగంలో సరిగ్గా ఒక స్పేస్ ఉన్న శీర్షికలు శుభ్రంగా తెగాయి. స్పేస్‌కి ఒక బైట్, మిగిలిన ముప్ఫై తొమ్మిదిని మూడుతో భాగిస్తే పదమూడు. అందుకే చాలా రోజులు "కొన్నింటికే వస్తుంది, ఎందుకో తెలియదు" అని వదిలేశారు. నాకు మాత్రం ఇది పట్టుకున్నప్పుడు మస్తు ఖుషీ అయింది, దాచుకోవడం ఎందుకు.

మీరే చేసి చూడండి. మా ఊరి పేరు "పిట్లం" ఎన్ని అక్షరాలు అని బ్యాష్‌ని అడగండి. ఆరు అంటుంది. ప, గుడి, ట, పొల్లు, ల, సున్నా. చాలా ఏళ్లుగా ఉబుంటుతో వస్తున్న డ్యాష్‌ని అడిగితే పద్దెనిమిది అంటుంది. మా ఊళ్లో ఒకటో తరగతి పిల్లని అడిగితే పి, ట్లం, రెండు అంటుంది. గణయతి ప్రాసలు తెలిసిన మన తెలుగు సారూ రెండే అంటారు. మాక్‌లో కూడా లెక్క గుర్తులతోనే కాబట్టి, టకారం కింద ల వత్తు ఉండాల్సిన చోట ఉత్త పొల్లుతో తెగే ప్రమాదం అక్కడా ఉంది. అంటే ఆ లైన్ ఎవరి దాంట్లోనూ నిజంగా నడవలేదు. నడిచినట్టు కనిపించింది. మేం దసరా సెలవుల్లో దాన్ని సరిచేశాం. ఎలాగంటే, ఆ కత్తిరింపు లైన్‌నే తీసేశాం. తెలుగుని తూచే పని షెల్‌ది కాదు, పేజీ పేర్చే సాఫ్ట్‌వేర్‌ది.

అలాంటిదే ఇంకొకటి. కంప్యూటర్‌ని తెలుగులో పెట్టుకున్నవాళ్లు తక్కువ, కానీ ఉన్నారు. వాళ్ల దాంట్లో తేదీ అడిగితే నెల పేరు తెలుగులో వస్తుంది. ఇంగ్లిష్ నెల పేరు వెతికే స్క్రిప్ట్ అక్కడ చతికిలపడుతుంది. తెలుగు వాడినందుకు తెలుగువాడికే పడే జరిమానా ఇది. స్కూల్లో ఫైన్ కట్టినవాణ్ని కాబట్టి నాకు ఇది కొంచెం ఎక్కువగానే తగిలింది. మందు చిన్నదే. స్క్రిప్ట్ మొదట్లో ఎల్‌సీ ఆల్ అనే సెట్టింగ్‌ని సీ అని పెడితే, ఆ స్క్రిప్ట్ వరకు అందరి దగ్గరా ఒకే తీరు ఉంటుంది.

ఇప్పుడు వాదనలకి వద్దాం. "ఇవన్నీ ఎందుకు, డాకర్ వాడితే పోలా?" అనేది మొదటిది. కంటైనర్‌లో పెట్టి ఇస్తే అందరికీ ఒకటే వాతావరణం, నిజమే. కాలేజీ వైఫైలో కూచుని చెప్పడానికి బాగుంటుంది. సెలవుల్లో పిట్లంలో రోజువారీ డేటా ప్యాక్ మీద, నాలుగు జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో, టెక్‌లైవ్ మొత్తం ఉన్న జీబీల ఇమేజ్ దించుకోమంటే ఎట్ల? రెండు గుర్తులు మార్చడానికి బద్ధకించి, ఆ బద్ధకం ఖర్చుని పక్కవాడి డేటా ప్యాక్ మీద వెయ్యడం ఇది. ల్యాప్‌టాప్ కూడా లేక ఫోన్‌లో టర్మక్స్ పెట్టుకుని కోడింగ్ నేర్చుకునే పిల్లలు మా మండలంలోనే ఉన్నారు. టర్మక్స్‌లో స్లాష్ బిన్ అనే దారే మనకి అలవాటైన చోట ఉండదు, ఆ మొదటి లైన్‌ని సరైన చోటికి మళ్లించడానికి వాళ్లు ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. అక్కడ డాకర్ మాట ఎత్తకండి.

రెండో వాదన బలమైనదే. "అందరికీ నడవాలని రాస్తూ పోతే స్క్రిప్ట్ ఎవరికీ అర్థం కాకుండా పోతుంది" అంటారు. ఆటోకాన్ఫ్ తయారుచేసే కాన్ఫిగర్ ఫైల్ ఒకసారి తెరిచి చూడండి. వేల లైన్లు, ఎప్పుడో చచ్చిపోయిన మెషిన్ల కోసం జాగ్రత్తలు. ఎవరూ చదవరు. ఎవరూ చదవని చోట ఏం జరుగుతుందో 2024 మార్చి 29న తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టాడు. దానికి దారి ఇచ్చింది బిల్డ్ ఫైళ్లే. రిలీజ్ చేసిన మూటలో ఉండి, గిట్‌లో లేని కొన్ని లైన్లు. కాబట్టి 1985 మెషిన్‌లో కూడా నడవాలి అనే పిచ్చి నాకు లేదు. మీ స్క్రిప్ట్ చిన్నగా ఉండాలి, మీ జూనియర్ చదవగలగాలి, మన చుట్టూ నిజంగా ఉన్న నాలుగు రకాల మెషిన్లలో నడవాలి. వంద లైన్లు దాటితే షెల్ వదిలేసి వేరే భాషలో రాయమని గూగుల్ వాళ్ల షెల్ స్టైల్ గైడే చెప్తుంది. పైథాన్ తీసుకోండి, నేనేం అనను.

అదే గైడ్ ఇంకో మాట కూడా అంటుంది: మా దగ్గర షెల్ అంటే బ్యాష్ ఒక్కటే అని. దానికీ నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే వాళ్లు పైన బ్యాష్ అనే రాస్తారు. దాన్ని బట్టి చూస్తే నా గొడవ బ్యాష్‌తో కాదని అర్థమవుతుంది. మా ఇంటి తెలుగుని "సరైన తెలుగు కాదు" అన్నవాళ్ల మీద పళ్లు కొరికే నేను, షెల్ దగ్గరికి రాగానే ప్రమాణ భాష కావాలని ఎట్ల అంటున్న అని నా రూమ్మేట్ నిలదీశాడు. బాగానే పట్టుకున్నాడు. నా జవాబు ఇది. మా నాయనమ్మ మాట అర్థం కాకపోతే వాడు అడుగుతాడు, ఆమె నవ్వి ఇంకోలా చెప్తుంది. మనుషులకి ఆ వెసులుబాటు ఉంది. మెషిన్ అడగదు, తనకి తెలిసిన అర్థం వేసుకుని పోతుంది. అందుకని బ్యాష్‌లో రాయాలనుంటే రాయండి, దర్జాగా రాయండి, పైన "బ్యాష్" అని పెట్టండి. అప్పుడు అది లేనివాడికి మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది. ఎస్‌హెచ్ అని పెట్టి బ్యాష్ మాట్లాడటం మాత్రం మాండలికం మీద ప్రేమేం కాదు, ఎదుటివాడు ఉన్నాడన్న సోయి లేకపోవడం.

చేయాల్సింది కూడా కొండంత లేదు. షెల్‌చెక్ అనే ఉచిత టూల్ ఉంది, విడార్ హోలెన్ రాసింది. స్క్రిప్ట్ ఇస్తే ఏ లైన్‌లో పరాయి మాట ఉందో చూపించి, బదులు ఏం రాయాలో కూడా చెప్తుంది. డెబియన్ వాళ్లదే ఇంకోటి ఉంది, దాని పేరే చెక్‌బ్యాషిజమ్స్. ఈ రెండూ లేకపోయినా, మీ స్క్రిప్ట్‌ని ఒక్కసారి డ్యాష్‌తో నడిపి చూడండి. ఫోల్డర్ పేర్లని కోట్లలో పెట్టండి, "మినీ ప్రాజెక్ట్" అని మధ్యలో ఖాళీ వదిలి పేరు పెట్టుకునేవాళ్లు సగం కాలేజీ. విండోస్‌లో ఎడిట్ చేసిన ఫైల్ అయితే లైన్ చివర కనపడని అదనపు గుర్తు అంటుకుంటుంది, దాంతో మొదటి లైన్‌లో రాసిన షెల్ పేరే తప్పయిపోతుంది. గిట్‌కి ఒక చిన్న ఫైల్ రాసిపెడితే అదీ పోతుంది.

మన మ్యాగజైన్ స్క్రిప్ట్ ఇప్పుడు డ్యాష్‌లో, బ్యాష్‌లో, టర్మక్స్‌లో నడుస్తోంది. మూడూ మేమే చూశాం. మాక్‌లో మాత్రం చూడలేదు, మా ఇద్దరి దగ్గరా మాక్ లేదు. ఉన్నవాళ్లు క్లబ్ రిపో నుంచి దించుకుని ఒకసారి నడిపి, ఎక్కడ ఆగిందో స్క్రీన్‌షాట్ పంపండి. తీసేస్తానన్న అమ్మాయి కవిత పోయిన సంచికలో పూర్తి పేరుతోనే వచ్చింది. ఈ సంచికకి ఇంకోటి పంపింది, దాని శీర్షిక యాభై మూడు గుర్తులు.